శ్రీశైలం ముంపు ఆలయాల తరలింపు

శ్రీశైలం జలాశయములో మునిగిపోనున్న ప్రాచీన ఆలయాలను విడదీసి, ఎత్తైన ప్రదేశాలకు చేర్చి తిరిగి నిర్మించిన కార్యక్రమమే శ్రీశైలం ముంపు ఆలయాల తరలింపు. కర్నూలు శివారులో జగన్నాథగట్టుపై నున్న రూపాల సంగమేశ్వరాలయము, ఆలంపురంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయము ఇట్లు తరలింపబడిన వాటిలో ముఖ్యమైనవి.

నేపథ్యం

ఈ ప్రాజెక్టుకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 1980వ దశకపు తొలినాళ్ళలో అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలకు చెందిన సుమారు వంద గ్రామాలు ముంపునకు గురైనవి. కృష్ణా, తుంగభద్రల తీరాన బాదామి చాళుక్యుల కాలం నుండి వెలసిన శివాలయాలు ఈ పరిధిలో ఉండేవి.

తరలింపు విధానం

మొదట ఆలయపు కొలతలు తీసి పటాలు గీస్తారు. ప్రతి రాతికి ఒక సంఖ్య వేసి, శిఖరము నుండి అధిష్ఠానము వరకు వరుసగా విప్పుతారు. క్రొత్త పునాదిపై అదే సంఖ్యల క్రమములో క్రింది నుండి పైకి పేరుస్తారు. ఒక్క సంఖ్య తప్పినా అమరిక చెడుతుంది.

మిగిలిన క్షేత్రము

కట్టడము తరలినను క్షేత్రము తరలదు. నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలోని సంగమేశ్వరము తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలప్రభ, భవనాశి నదుల సంగమ స్థానముగా ప్రసిద్ధి. ఇక్కడి వేపదారు శివలింగము గల ఆలయము ఏటా నెలల తరబడి నీటిలోనే ఉండి, వేసవిలో నీటిమట్టము తగ్గినపుడు బయటపడుతుంది. భక్తులు అప్పుడు వచ్చి పూజలు జరుపుకుంటారు.

నగర విస్తరణ

కర్నూలు 1953 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఒకప్పుడు ఊరికి దూరముగా నున్న జగన్నాథగట్టు వైపు నగరము విస్తరించినది. 2015లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ ప్రాంగణము, ప్రభుత్వ గృహ సముదాయాలు ఈ ప్రాంతములోనే ఉన్నాయి. నీటి నుండి కాపాడబడిన ఆలయానికి ఇప్పుడు పరిసరాల రక్షణ అవసరమైనది.

1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారము జాతీయ రక్షిత కట్టడము చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధము. ఆపై మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. ఆ జాబితాలో లేని ఆలయాలకు ఈ నియమము వర్తించదు. కనుక అటువంటి ఆలయాల విషయములో స్థలపు హద్దులు కొలిచి నమోదు చేయడము, పట్టణ ప్రణాళికలో ఆలయ పరిసరాలను ఖాళీ స్థలముగా చూపడము సంరక్షణలో మొదటి మెట్టు.