హైదరాబాద్ మైదానాల బిడ్డ బలరామ్

భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగం అనగానే మూడు పేర్లు వినిపిస్తాయి: చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, తులసీదాస్ బలరామ్. మూడో పేరు మన గడ్డ మీద పుట్టింది. అయినా ఆ పేరు తెలిసిన తెలుగువాళ్లు ఈరోజు బహు తక్కువ.

1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో బలరామ్ పుట్టాడు. చుట్టూ సైనిక స్థావరాలు, వాటి మైదానాలు. ఆట అక్కడే అబ్బింది. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పడేసిన బూట్లను చెప్పులు కుట్టే అతనితో తనకు సరిపోయేలా కుట్టించుకుని ఆడాడు.

అప్పటి హైదరాబాద్ దేశానికే ఫుట్‌బాల్ బడి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. స్థానిక లీగ్‌లో ఆడుతున్న బలరామ్ మీద రహీం కన్ను పడింది. సికింద్రాబాద్ నుంచి తన శిక్షణ శిబిరానికి రోజూ వచ్చిపోయే ఖర్చు కుర్రాడి తాహతుకు మించిందని తెలిసి, అద్దె సైకిల్‌కు ఆయనే డబ్బులిచ్చాడు. ప్రతిభను గుర్తించడంతోనే గురువు పని తీరిపోదని రహీంకు తెలుసు.

ఫలితం త్వరగానే కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి బలరామ్‌కు ఇరవయ్యేళ్లు. అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలున్న ఆ జట్టు సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. 1956-57, 1957-58లలో హైదరాబాద్ వరుసగా జాతీయ టోర్నీ సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడూ అతను జట్టులో ఉన్నాడు.

కానీ ఫుట్‌బాల్‌కు ఉద్యోగం, డబ్బు, జనాదరణ మూడూ ఉన్నది కలకత్తాలో. 1957లో బలరామ్ అక్కడి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరాడు. ఎడమ వింగ్‌లోనైనా, మధ్యలోనైనా, ముందువరసలో ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడు. గోల్ కొట్టడం ఎంత బాగా వచ్చో, పక్కవాడికి బంతి అందించడమూ అంతే వచ్చు. 1961లో కెప్టెన్‌గా జట్టుకు కలకత్తా లీగ్ సాధించిపెట్టాడు. ఆ లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా 23 గోల్స్ కొట్టిందీ అతనే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో, చివరికి కాంస్యం గెలుచుకున్న హంగరీ భారత్ మీద రెండు గోల్స్ ఆధిక్యం సాధించింది. 79వ నిమిషంలో బలరామ్ ఒకటి తిరిగి కొట్టాడు. మ్యాచ్ 1-2తో పోయింది. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌ను మన జట్టు 1-1తో డ్రా చేసుకుంది. రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ మొహం చూడనేలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్‌ను 2-0తో ఓడించినప్పుడు అందులో ఒక గోల్ బలరామ్‌ది. ఫైనల్లో లక్షమంది ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తుండగా, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్లు స్వర్ణం గెలిచారు. అదే ఏడు బలరామ్‌కు అర్జున అవార్డు వచ్చింది.

మరుసటి ఏడే అంతా ముగిసింది. ఊపిరితిత్తుల పొరకు వచ్చిన జబ్బు ఇరవయ్యేడేళ్లకే అతన్ని పోటీ ఆటకు దూరం చేసింది. అదే ఏడు జూన్‌లో క్యాన్సర్ గురువు రహీంను తీసుకుపోయింది. గోస్వామికి, బెనర్జీకి పద్మశ్రీ దక్కింది. బలరామ్‌కు దక్కలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు కూడా. కలకత్తా దగ్గరి ఉత్తరపాడాలో చివరి రోజులు గడిపి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

బలరామ్‌ను గొప్పవాణ్ణి చేసింది పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఒక్కటే కాదు. ఇంటి దగ్గర మైదానం ఉంది, వారం వారం ఆడేందుకు స్థానిక లీగ్ ఉంది, పేదవాడి దారిఖర్చు పెట్టే గురువు ఉన్నాడు. ఈ మూడూ ఉన్నంతకాలం హైదరాబాద్ ఒలింపియన్లను కన్నది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచాక ఆ వెలుగు తగ్గుతూ వచ్చింది. బలరామ్‌కు నిజమైన గౌరవం విగ్రహం కాదు. బస్తీ పిల్లలకు మళ్లీ ఆ మైదానం, ఆ లీగ్, ఆ గురువు దొరకాలి. ఇవ్వాల్సింది మనమే.