బర్మింగ్‌హామ్ మోత, గోదావరిఖని చెవులు

1965లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పదిహేడేళ్ల కుర్రాడొకడు రేకుల ఫ్యాక్టరీలో ఆఖరి రోజు డ్యూటీకి వెళ్లాడు. ఆ రోజే అతని కుడిచెయ్యి యంత్రంలో పడి, నడిమి వేలి, ఉంగరపు వేలి కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి గిటారు మెట్ల మీద తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. కుర్రాడి పేరు టోనీ అయోమీ. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు ముక్కలు అంటించుకున్నాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి పుడుతోందని సన్నటి బాంజో తీగలు బిగించాడు. కొన్నేళ్లకు ఆ బిగువు కూడా సడలించాడు. శ్రుతి కిందికి దిగింది, మోత చిక్కబడింది.

హెవీ మెటల్ చరిత్రను సాధారణంగా వేగం కథగా రాస్తారు. ఒకరికంటే ఒకరు వడిగా వాయించారు, చివరికి నిమిషానికి ఎన్ని దెబ్బలన్న లెక్క మిగిలింది అన్నట్టుగా. నాకు అలా వినిపించదు. ఈ సంగీతానికి మూలం బరువు. ఆ బరువు పనిచోటు నుంచి వచ్చింది. ఇది ఒప్పుకోవడం గోదావరిఖనిలో సింగరేణి బొగ్గు గనుల పక్కన బతికేవాళ్లకు పెద్ద కష్టం కాదు. గనుల కాలనీల్లో దెబ్బ తగిలిన చేతులతో మళ్లీ పనికి వంగినవాళ్లను చూసే పెరుగుతాం మరి.

అయోమీ బృందం బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్‌ను దాదాపు ఒక్కరోజులో రికార్డు చేసింది. అది 1970 ఫిబ్రవరి 13న బయటికొచ్చింది. అదే ఏడు ‘పారనాయిడ్’ వచ్చి పేరంతా పట్టుకుపోయింది. నా ఓటు మాత్రం 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కే. తీగల్ని మూడు అరస్వరాలు కిందికి దించింది అందులోనే. ‘ఇన్‌టు ద వాయిడ్’ పాటలో రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే గిటారు పలుకు, ఎక్కడికీ తొందరపడదు. ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త లోతుగా దిగబడుతుంది. ఒగ్గు కథ విన్న చెవికి ఈ పద్ధతి కొత్తది కాదు. డోలు ఒకే వరసను తిప్పి తిప్పి కొడుతుంటేనే కదా కథకుడికి ఊపు, వినేవాడికి పూనకం. ఉమ్మడి కరీంనగర్ జిల్లా మనిషికి మెటల్ పరాయిదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గొంతు పరాయిది కావచ్చు, దరువు కాదు.

డీప్ పర్పుల్ ‘మెషిన్ హెడ్’ (1972) గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అందరూ గిటారు కొనగానే అందులోని ఒకే రిఫ్ నేర్చుకుని దాన్ని అరగదీశారు. రెయిన్‌బో బృందం ‘రైజింగ్’ (1976) నాకు అంతకంటే ఇష్టం. అందులో ‘స్టార్‌గేజర్’ కథ కూడా కూలీల కథే. మాంత్రికుడొకడు ఆకాశానికి ఎగరాలని జనంతో గోపురం కట్టిస్తాడు.

పనిచోటు వాసన బాగా పట్టిన బృందం జూడాస్ ప్రీస్ట్. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ పెరిగిన వాల్సాల్ చుట్టూ లోహం పోతపోసే ఫౌండ్రీలే. గిటారిస్టు గ్లెన్ టిప్టన్ బ్రిటిష్ స్టీల్ కంపెనీలో పని చేసినవాడు. వాళ్లు 1980లో తెచ్చిన ఆల్బమ్‌కు ‘బ్రిటిష్ స్టీల్’ అనే పేరు పెట్టుకున్నారు. ‘మెటల్ గాడ్స్’ పాటలో యంత్రాల అడుగుల చప్పుడు కావాల్సి వస్తే స్పూన్లు, ఫోర్కుల ట్రేని ఊపి రికార్డు చేశారు. మన రామగుండంలో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1983లో మొదలైంది. ఆ పొగగొట్టాలను చూస్తూ ఈ ఆల్బమ్ వింటే వంటింటి ట్రే శబ్దం కూడా నమ్మబుద్ధేస్తుంది.

మరి మన దిక్కుకు గిటారు ఎట్లా వచ్చింది? రాక్ బృందాలతో రాలేదు. చర్చిల్లో యువజన కూటాలతో, పెళ్లిళ్లలో, గణేశ్ నవరాత్రుల్లో వాయించే ఆర్కెస్ట్రాలతో వచ్చింది. సినిమా పాటల్లో ఇళయరాజా గిటారుకు ఇచ్చిన చోటు చెవుల్ని సిద్ధం చేసింది. 1991లో స్టార్ టీవీ వెంట ఎంటీవీ వచ్చింది. డిష్ పెట్టుకున్న కేబుల్‌వాళ్ల పుణ్యమా అని చిన్న ఊళ్లకూ పొడుగు జుట్ల మనుషులు కనిపించారు. మెటాలికా బృందం నల్ల అట్ట ఆల్బమ్ కూడా ఆ ఏడాదిదే. చాలామందికి అదే మొదటి మెట్టు.

తర్వాతంతా క్యాసెట్ల రాజ్యం. హైదరాబాద్ నుంచి ఎవరో ఒకటి తెస్తే అది చేతులు మారి, కాపీకి కాపీ అయ్యి, చివరివాడికి సగం గర్రుమనే చప్పుడుతో చేరేది. స్లేయర్ బృందం ‘రెయిన్ ఇన్ బ్లడ్’ (1986) మొత్తం నిడివి 29 నిమిషాలే. అసలు క్యాసెట్‌లో రెండు వైపులా అదే ఆల్బమ్ వేశారు, ఒకవైపు అయిపోతే తిప్పి మళ్లీ అదే వినడమే. వేగానికి పరాకాష్ఠ అంటే ఈ ఆల్బమే. నాకు మాత్రం అందులో ఎక్కువ ఇష్టమైంది చివరి పాట ‘రెయినింగ్ బ్లడ్’ మొదట్లో వచ్చే వాన చప్పుడు, ఆ వెనక నెమ్మదిగా పడే డ్రమ్ము దెబ్బలు. మిగతా 28 నిమిషాల గౌరవానికి లోటు రాకూడదు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

అదే ఏడాది వచ్చిన మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ నా లెక్కలో ఆ దశాబ్దానికి పెద్ద ఆల్బమ్. వేగమూ బరువూ అందులో కొట్లాడుకోవు. మాటల్లేని ‘ఓరియన్’ నడుమ బాస్ గిటారుతో దారి తీసిన క్లిఫ్ బర్టన్ ఆ సెప్టెంబరులోనే స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో చనిపోయాడు. తర్వాతి ఆల్బమ్‌లో బాస్ వినిపించీ వినిపించనట్టు ఉండటం అభిమానుల పాత తగాదా. ఐరన్ మెయిడెన్ బృందం ఆల్బమ్‌లలో నేను ‘పవర్‌స్లేవ్’ (1984) పక్షం. రెండు గిటార్లు జంటగా పాడటం వాళ్ల సొత్తు.

ఇక ఒంటరి గిటారు ఆల్బమ్‌లు. యింగ్వీ మామ్‌స్టీన్ ‘రైజింగ్ ఫోర్స్’ (1984), జో సాత్రియానీ ‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’ (1987), స్టీవ్ వై ‘ప్యాషన్ అండ్ వార్‌ఫేర్’ (1990). గిటారు నేర్చుకునేవాళ్లకు ఇవి పాఠ్యపుస్తకాలు. ఊరికే వినేవాడిగా నాకు సాత్రియానీ ఒక్కడే మిగిలాడు, ఆయన దగ్గర పాడుకోదగ్గ రాగం ఉంటుంది. మామ్‌స్టీన్ విన్నాక వేళ్లు గుర్తుంటాయి, పాట గుర్తుండదు.

గమకం తెలిసిన చెవికి ఈ లోటు ఇంకా తొందరగా దొరుకుతుంది. మన పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నది ఆ గమకం కోసమే. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారుతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయిస్తున్నప్పుడు వేగంలో ఎవరూ తక్కువ కాదు. కానీ శ్రీనివాస్ ఒక స్వరం మీద ఆగినప్పుడు జనం ఊపిరి బిగబట్టేవారు. మెటల్‌లో దీనికి దగ్గరగా వెళ్లింది కేరళ బృందం మదర్‌జేన్. ‘మక్తూబ్’ (2008)లో బైజు ధర్మజన్ గిటారు కర్ణాటక బాణీలో జారుతుంది. సాత్రియానీ ఆల్బమ్ పక్కన పెట్టి అది తీసిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

కచేరీలకు మనవాళ్ల యాత్రాస్థలం బెంగళూరు. 2007 మార్చిలో ప్యాలెస్ గ్రౌండ్స్‌కు ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా వచ్చారు. మెటాలికా అంతకుముందు ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో వాయించాల్సింది, ఆ కార్యక్రమం రద్దయింది. హైదరాబాద్‌లో సొంత బృందాలు పెరిగాయి. వాటిలో గాడ్‌లెస్ పేరు దేశమంతా వినిపించింది. 2016లో ‘సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’, 2021లో పూర్తి నిడివి ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’. డెత్ మెటల్, త్రాష్ కలిసిన కఠినమైన సంగీతం. పనితనంలో బయటి దేశాల బృందాలకు తీసిపోదు. నాకు నచ్చేది మాత్రం వాళ్లు పరుగు ఆపి దరువు మీద నిలబడే చోట్లు. పాట ఇంగ్లిషులోనే ఉంటుంది, దానికి నా అభ్యంతరమేమీ లేదు.

నా ఫిర్యాదు మెటల్‌లో మన వాయిద్యాల లోటు గురించి. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర తెలుగు నేలంతా మోగింది, మరుసటేడు ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆదిలాబాద్ ప్రధాన్ తెగ కళాకారుల చేతిలో మూడు తీగల కిక్రి ఉంది. గోండుల దండారి పండుగ రోజుల్లో గుస్సాడీ ఆటకు డప్పూ, ఊది వాయించే పెప్రే ఉన్నాయి. సినిమావాళ్లు వీటిని రెండు నిమిషాల అలంకారానికి వాడుకుని వదిలేస్తారు. వీటి తడాఖా తట్టుకోగల సంగీతం నా దృష్టిలో మెటలే. దానికి కావలసింది వేగంగా వాయించే గిటారిస్టు కాదు. డోలు ఎక్కడ మోగుతుందో అక్కడికి తన తీగల్ని దించుకునే ఓపిక ఉన్నవాడు కావాలి.

ఇప్పుడు ఫోన్‌లో అన్ని ఆల్బమ్‌లూ దొరుకుతాయి, ఏది ముందు వినాలన్నదే తిప్పలు. గోదావరిఖని కుర్రాడెవరైనా అడిగితే ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’తో మొదలుపెట్టి, ‘బ్రిటిష్ స్టీల్’, ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’, ‘మక్తూబ్’, ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ వరసలో వినమంటాను. మామ్‌స్టీన్ సంగతి దసరా సెలవుల్లో చూసుకోవచ్చు.