సోడాబుడ్డి అద్దాల వెనక

మా అమ్మమ్మకు కంటి ఆపరేషన్ అయ్యాక పిల్లలం రెండు సంగతులు కనిపెట్టాం. అద్దాల వెనక ఆమె కళ్లు కోడిగుడ్లంత కనిపించేవి. మజ్జిగ పొయ్యమంటే గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోసేది. పొర తీసేశారుగా, మళ్లీ ఇదేమిటని అడిగితే పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే సుశ్రుతుడి దాకా వెళ్లాల్సి వచ్చింది.

ముందు ఆ 'పొర' సంగతి తేల్చాలి. శుక్లం వస్తే మనం పొర కమ్మిందంటాం. తెలంగాణలో మోతిబిందు అంటారు, ముత్యపు చుక్క అని. ఐరోపావాళ్లు 'కాటరాక్ట్' అన్నారు, అంటే జలపాతం. పై నుంచి ఏదో దిగి చూపుకు అడ్డం పడిందని అందరి ఊహా ఒకటే. నిజానికి అక్కడ పొరా లేదు, ధారా లేదు. కంటిపాప వెనకుండే లెన్సే మసకబారుతుంది, ఉడికిన గుడ్డులో తెల్లసొన తెల్లబడ్డట్టు. 1705లో ఫ్రాన్సుకు చెందిన బ్రిసో అనే వైద్యుడు చనిపోయిన ఒక సైనికుడి కన్ను కోసి చూసేదాకా ఈ సంగతి తేలలేదు.

శుక్లం వచ్చినప్పుడు నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు. అందుకే చాలామంది పట్టించుకోరు. రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు చెదిరి కళ్లలో పడుతుంది. రంగులు వెలిసినట్టుంటాయి. అద్దాల నంబరు మాటిమాటికీ మారుతుంది. చిత్రమేమిటంటే, కొందరికి మొదట్లో చత్వారం పోయినట్టే ఉంటుంది. అద్దాల్లేకుండా పేపరు చదివేస్తున్నానని తాతగారు మురిసిపోతారు. అది లెన్సు ముదరడం వల్ల వచ్చిన తాత్కాలిక వరం, ఎన్నాళ్లో నిలవదు.

సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో దీనికి చికిత్స ఉంది. రోగిని కూర్చోబెట్టి తన ముక్కు వైపే చూస్తూ ఉండమంటారు. యవగింజ మొనలాంటి శలాకతో నల్లగుడ్డుకు కణత వైపున్న తెల్లగుడ్డులో గుచ్చాలి. కుడికన్నయితే ఎడమచేత్తో, ఎడమకన్నయితే కుడిచేత్తో. సరైనచోట దిగితే చిన్న చప్పుడై నీటిచుక్క వస్తుంది. గుచ్చిన వెంటనే చనుబాలతో తడపాలి. తర్వాత నేతిలో ముంచిన దూదితో కట్టు. ఆ తర్వాత దగ్గకూడదు, తుమ్మకూడదు, తేన్పకూడదు. తేన్పు మీద ఆంక్ష పెట్టిన వైద్యుడు కన్ను ఎంత సున్నితమో బాగా తెలిసినవాడే అయ్యుండాలి.

సూది చేసే పనల్లా మసకబారిన లెన్సును చూపు దారి నుంచి తప్పించి కంటి అడుక్కి జార్చడమే. వెలుగు లోపలికి వస్తుంది, మనుషుల పోలికలు తెలుస్తాయి. ఆ విద్య క్రమంగా సంతల్లో తిరిగే సూదివైద్యుల చేతికి చేరింది. ఉదయం గుచ్చి 'ఇవి ఎన్ని వేళ్లు' అని అడిగి, డబ్బు తీసుకుని సాయంత్రానికి ఊరు దాటేవారు. కన్ను చీము పట్టేనాటికి వైద్యుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇది మన దగ్గరే కాదు. 1750లో సంగీతకారుడు బాక్‌కు జాన్ టేలర్ అనే ఇంగ్లిషు వైద్యుడు లైప్జిగ్‌లో ఇదే పని చేశాడు. కొన్ని నెలలకే బాక్ చనిపోయాడు. ఇక్కడ మద్రాసులో 1819 నుంచే ప్రత్యేక కంటి ఆసుపత్రి ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని పెద్ద డాక్టరుగా పనిచేసిన ఎలియట్, సూది గుచ్చి పాడుచేసిన కళ్లను చూసి చూసి దానిమీద ఒక పుస్తకమే రాశారు.

లెన్సును లోపల జార్చడం మాని బయటికే తీసే పద్ధతిని 1747లో డేవియల్ అనే ఫ్రెంచి వైద్యుడు మొదలుపెట్టాడు. మత్తుమందు లేదు, రోగిని మనుషులు పట్టుకోవడమే. 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కొల్లర్ కొకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చని చూపాక ఆ నరకం తప్పింది. తర్వాత జలంధర్‌లో హెన్రీ స్మిత్ అనే సైనిక వైద్యుడు కంటిని బయటి నుంచి నొక్కి లెన్సును సంచీతో సహా జారవిడిచేవాడు. అలా వేలాది ఆపరేషన్లు చేశాడు.

మన పల్లెల్లో కంటి శిబిరాలు ఈ దారిలో వచ్చినవే. స్కూలు వరండాలో వరసగా పడకలు, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు, కంటికి ఆకుపచ్చ గుడ్డ. హైదరాబాదు సరోజినీ దేవి కంటి ఆసుపత్రి డాక్టర్ శివారెడ్డి పేరు ఈ శిబిరాలతోనే ఊరూరా తెలిసింది. 1977లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 'బాగా ముదిరాక తీయిద్దాంలే' అన్న మాట కూడా అప్పటిదే. పాత పద్ధతికి ముదిరిన శుక్లమే అనువు. ఇప్పుడు అలా ఆగడం అనవసరం, ఒక్కోసారి ప్రమాదం కూడా. మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. అదీగాక, శుక్లమేలే అనుకుని కూర్చున్నది నీటికాసులు (గ్లాకోమా) అయితే పోయిన చూపు తిరిగిరాదు.

ఇక అమ్మమ్మ మజ్జిగ. డాక్టర్లు లెన్సు తీశారు సరే, దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. ఆ పని ముక్కు మీదున్న పది పాయింట్ల మందపు అద్దం చేయాలి. దాంతో ప్రతిదీ పావువంతుకు పైగా పెద్దదై మీదికొచ్చినట్టుంటుంది. పక్కనున్న మనిషి కనిపించడు, ఉన్నట్టుండి ఊడిపడతాడు. రెండో కన్ను బాగున్నా రెండు చూపులూ కలవవు. సోడాబుడ్డి అని మనం వెక్కిరించింది సగంలో ఆగిన వైద్యాన్ని.

మిగతా సగం యుద్ధంలో దొరికింది. 1940 ఆగస్టులో గోర్డన్ క్లీవర్ అనే బ్రిటిష్ పైలట్ విమానం దెబ్బతిని, కాక్‌పిట్ కప్పు ముక్కలు అతని కళ్లలో దిగాయి. అలాంటి పైలట్లను చూసిన లండన్ కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ ఒకటి గమనించారు: ఆ పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్ ముక్కలను కన్ను కిక్కురుమనకుండా భరిస్తోంది. కొన్నాళ్లకు ఆపరేషన్ చూడవచ్చిన ఒక విద్యార్థి, తీసిన లెన్సుకు బదులు వేరేది పెట్టరా అని అడిగాడంటారు. 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో రిడ్లీ ఆ పని మొదలుపెట్టారు. రహస్యంగానే చేశారు. 1951లో బయటపెడితే పెద్దలు మండిపడ్డారు. కంట్లోంచి చెత్త తీయాలి గానీ పెడతారా అన్నది వాళ్ల వాదన.

ఆ వాదన చల్లారడానికి దశాబ్దాలు పట్టింది. మన దాకా రావడానికి ఇంకొంత. విదేశీ లెన్సు ధర వంద డాలర్లు దాటితే పేదవాడి కంట్లోకి ఎలా వస్తుంది? 1992లో మదురై అరవింద్ ఆసుపత్రి తన ఆరోల్యాబ్‌లో లెన్సులు తయారుచేసి ధరను పది డాలర్ల దరికి దించింది. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో మొదలైన శుక్లాల పథకంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. శిబిరం పోయి ఆసుపత్రి, మందపు అద్దం పోయి లోపలి లెన్సు వచ్చాయి. అప్పటికే హైదరాబాదులో సినిమా దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ ఇచ్చిన స్థలం, డబ్బుతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో పెట్టిన కంటి ఆసుపత్రి నడుస్తోంది.

వయసు మీద పడ్డాక రిడ్లీకీ శుక్లాలు వచ్చాయి. తాను ఆ పని మొదలుపెట్టిన సెయింట్ థామస్‌లోనే రెండు కళ్లకూ లెన్సులు పెట్టించుకున్నారు. సోడాబుడ్డి అద్దాల అవసరం ఆయనకు రాలేదు.