ముద్దుపళని

ముద్దుపళని 18వ శతాబ్దపు తెలుగు కవయిత్రి. తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుడి (పాలన 1739–1763) ఆస్థానానికి చెందింది. ఆమె ప్రధాన రచన ‘రాధికా సాంత్వనం’ నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. పద్యాలు 584. దీనికే ‘ఇళాదేవీయం’ అని మరో పేరు. ఛందస్సు చూసినా, వర్ణనలు చూసినా ఇది పాత బాటలో నడిచిన కావ్యంలాగే కనిపిస్తుంది. సీసాలు, కందాలు, వృత్తాలు అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. ప్రయోగం జరిగింది ఇంకోచోట. వలపు ఎవరిది, దాన్ని ఎవరు చెబుతున్నారు అన్న దగ్గర ముద్దుపళని ప్రబంధాన్ని తిరగేసింది. ఆ తిరగేయడాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకులకు రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. అందులో ముప్పై ఆరేళ్లు ఈ పుస్తకం నిషేధంలో ఉంది.

తంజావూరులో తెలుగు ఏమిటన్న సందేహం ఈనాటి పాఠకుడికి రావచ్చు. విజయనగర రాజుల తరఫున కావేరీ తీరానికి వెళ్లిన నాయకులు 16వ శతాబ్దంలో అక్కడ రాజ్యం కట్టారు. చుట్టూ ఊళ్లన్నీ తమిళమే మాట్లాడినా కొలువులో తెలుగు కవిత్వం పీట వేసుకుని కూర్చుంది. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు స్వయంగా కవులు. 1673లో నాయక రాజ్యం కూలింది. ఆ వెనుక వచ్చిన మరాఠాలు తమ మాతృభాషను వదులుకోలేదు, తెలుగునూ తీసేయలేదు. శాహజీ (1684–1712) ‘పల్లకి సేవా ప్రబంధం’ తెలుగులోనే రాశాడు. అంటే మరాఠీ రాజు, తమిళ జనం, తెలుగు కావ్యం, సంస్కృత పాండిత్యం ఒకే ప్రాకారంలో కలిసి బతికిన ఊరు అది. ముద్దుపళని తెలుగు ఆ ఊరి తెలుగు.

ఆ కొలువుల్లో కవయిత్రులు కొత్త కాదు. రఘునాథుడి కాలంలో రామభద్రాంబ ‘రఘునాథాభ్యుదయం’ సంస్కృతంలో చెప్పింది. మధురవాణి రఘునాథుడి తెలుగు రామాయణాన్ని సంస్కృతీకరించింది. విజయరాఘవుడి దగ్గర రంగాజమ్మ ‘మన్నారు దాస విలాసం’, ‘ఉషాపరిణయం’ రాసింది. వీళ్లలో పలువురు ఇంటి గడప లోపల ఉండిపోయే ఆడవాళ్లు కారు. చదువు, సంగీతం, నాట్యం వృత్తిగా నేర్చుకుని, సొంత ఆస్తి పెట్టుకుని, కావాలనుకుంటే ఆడపిల్లలను దత్తు తీసుకుని వంశం నిలుపుకున్న భోగం కులాల స్త్రీలు. సంసారపక్షం ఇళ్లల్లో ఆడపిల్లకు అక్షరాలు నేర్పితే అరిష్టమని భయపడిన కాలంలో కావ్యపాఠం వీళ్ల జన్మహక్కులా ఉండేది. ఆ హక్కుకు వాళ్లు చెల్లించిన మూల్యం వేరే కథ. దాన్ని మరిచి ఆ జీవితాన్ని స్వేచ్ఛాలోకంగా పొగడటం కూడా సరికాదు.

ముద్దుపళని తన గురించి తానే కావ్యారంభంలో చెప్పుకుంది. తంజనాయకి అనే భోగం స్త్రీ కుటుంబానికి చెందిన పిల్ల. గురువు వీరరాఘవ దేశికుడు. అవతారికలో కవులు తమ వంశాన్ని వర్ణించుకోవడం ఆచారమే కాని, ఆ వర్ణన తాతలూ తండ్రులూ మీదుగా నడుస్తుంది. ముద్దుపళని ఆ చట్రంలోకి తన ఇంటి ఆడవాళ్లను తెచ్చి నిలబెట్టింది. ఆ తరవాత తన గొప్ప తాను చెప్పుకుంది: పండితులను సత్కరించింది తాను, కావ్యాలు అంకితం పుచ్చుకుంది తాను, తన సాటి స్త్రీలలో ఇంతటి గౌరవం ఇంకెవరికి దక్కిందని అడిగింది. అంకితం పుచ్చుకోవడం రాజుల పని. ఆ పని తనకూ జరిగిందని ఒక స్త్రీ రాసి పెట్టడం తెలుగు కావ్య పీఠికల్లో అరుదు. తన కావ్యాన్ని మాత్రం ఆమె రాజుకు ఇవ్వలేదు. చిన్నికృష్ణుడికి ఇచ్చింది.

కథ చిన్నది. రాధ కృష్ణుడికి వరసకు అత్త, వయసులో పెద్దది, అతని ప్రేయసి. ఇళాదేవిని చిన్నప్పటినుంచీ తానే పెంచి, ఈడు రాగానే కృష్ణుడికి ఇచ్చి పెళ్లి చేస్తుంది. పడకటింటికి పంపే ముందు ఇళకు మగవాడి దగ్గర ఎలా మసలుకోవాలో చెబుతుంది. కృష్ణుడినీ పక్కకు పిలిచి, ఆ పసిపిల్లతో మెత్తగా ఉండమని హెచ్చరిస్తుంది. ఇంతవరకు ఆమె పెద్దరికం. ఆ తలుపు మూసుకున్నాక పెద్దరికం జారిపోతుంది. చేతులారా ఇచ్చుకున్నదే ఇప్పుడు కాలుస్తుంది. కృష్ణుడు కొత్త పెళ్లాం మోజులో తనను మరిచాడన్న కోపం, తన వయసు మీద తనకే వచ్చే దిగులు, ఇళ మీద అసూయ, ఆ అసూయ పడుతున్నందుకు సిగ్గు అన్నీ కలిసి వస్తాయి. చివరికి కృష్ణుడు దిగివచ్చి బతిమాలుకుంటాడు. అలిగిన రాధను సముదాయించడమే సాంత్వనం.

అలక తెలుగు కావ్యానికి కొత్త వస్తువు కాదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ అలిగింది, కృష్ణుడు ఆమె కాళ్ల మీద పడ్డాడు. క్షేత్రయ్య పదాల్లో నాయిక దెప్పని మాట లేదు. ముద్దుపళనికి ముందే మధుర ప్రాంతపు కవి సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు ‘రాధికా సాంత్వనం’ పేరుతోనే ఒక కావ్యం రాశాడు. కాబట్టి పేరూ, వస్తువూ ముద్దుపళని సృష్టి అనలేం. ఆమె చేసింది వేరు. మగకవి నాయిక గొంతు పెట్టుకున్నప్పుడు ఆమె విరహం ఎటు తిరిగినా నాయకుడి ఆకర్షణకు సాక్ష్యంగా తేలుతుంది. ముద్దుపళని రాధ వలపులో చొరవ తనదే. కోరుకునేదీ, ముందు చేయి వేసేదీ, తృప్తిగా ఉందో లేదో తేల్చేదీ ఆమే. కృష్ణుడు మొదలు పెట్టడు, బదులిస్తాడు. పైగా ఆమె నవయౌవన కాదు. ప్రబంధ నాయికకు పదహారేళ్లు దాటనివ్వని సంప్రదాయంలో నడివయసు స్త్రీ కోరికను నాలుగు ఆశ్వాసాల పొడుగునా నిలబెట్టడమే అసలు సాహసం. శృంగార వర్ణన పాలు ఎంత అన్న చర్చలో పడి విమర్శకులు దీన్ని చాలాకాలం చూడలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇళ, రాధ ఒకరికొకరు సవతులైనా కావ్యం వాళ్లను పగవాళ్లను చేయలేదు. పెంచిన చేయి, పెరిగిన పిల్ల అన్న బంధం చివరిదాకా తెగలేదు. రాధ ఇళకు చేసే బోధ భోగం ఇళ్లల్లో పెద్దామె చిన్నపిల్లకు అప్పగించే విద్యలా వినిపిస్తుంది. ప్రతాపసింహుడి అంతఃపురంలో జరిగిన సంగతులే ఇలా కావ్యమయ్యాయని ఊహించినవాళ్లున్నారు. ఊహకు ఆధారం పలచన. అదీగాక మగకవి శృంగారం రాస్తే ప్రతిభ, ఆడకవి రాస్తే ఆత్మకథ అనే అలవాటు ఆ ఊహ వెనుక దాక్కుని ఉంది.

ఆమె పేరు మీద చెప్పే మిగతా రచనల్లో జయదేవుడి అష్టపదికి తెలుగు, ఆండాళ్ తిరుప్పావైకి తెలుగు ఉన్నాయి. ఏడేసి పాదాల సప్తపదం అనే పాట రూపాన్ని ఆమె ప్రయత్నించిందని సాహిత్య చరిత్రకారులు రాశారు. రూపంలో ఆమె చేసిన ప్రయోగం అంటే ఇదే. ఆమె ఎంచుకున్న మూలాలు రెండూ చెప్పుకోదగ్గవి. ఒకటి రాధ విరహాన్ని పురుషుడు పాడింది. రెండోది దేవుడి మీద తన వలపును స్త్రీయే తమిళంలో పాడింది. ‘రాధికా సాంత్వనం’ ఈ రెండింటికీ మధ్య ఎక్కడో నిలుస్తుంది.

అదే కాలానికి కాస్త ఇటుగా, జర్మన్ భాషలో కరోలీనె ఫాన్ గుండరోడె (1780–1806) అనే కవయిత్రి ఉండేది. తన మొదటి పుస్తకాన్ని 1804లో ‘టియాన్’ అన్న మారుపేరుతో అచ్చు వేసింది, స్త్రీ అని తెలియకుండా. ఆమె చనిపోగానే అచ్చుకు సిద్ధమైన ‘మెలెటె’ను ఆపేశారు. అది వెలుగు చూసింది 1906లో. ఐరోపాలో ఆడపేరు దాచుకోవలసి వచ్చిన రోజులకు కొద్ది దశాబ్దాల ముందే తంజావూరులో ఒకామె తన పేరు, తన ఇంటి ఆడవాళ్ల పేర్లు బాహాటంగా రాసుకుంది. పుస్తకానికి పట్టిన గతి మాత్రం ఇద్దరిదీ ఒకటే. ముద్దుపళని పుస్తకం కూడా ఆమె తరవాతి శతాబ్దంలోనే చిక్కుల్లో పడింది.

‘రాధికా సాంత్వనం’ మొదట 1887లో అచ్చయింది. తెలుగు నిఘంటువు కర్త సి. పి. బ్రౌన్ దగ్గర పనిచేసిన వెంకటనరసు దాన్ని వేశాడు. 1907లో మళ్లీ వచ్చింది. ఆ ముద్రణల్లో అవతారిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. అవతారిక లేకపోవడం అంటే ఆమె వంశం, గురువు, ఆమె ఆత్మగౌరవం పుస్తకంలోంచి పోవడమే. బూతు అనిపించిన పద్యం తీసేయడం వెనుక ఉద్దేశం తెలుస్తూనే ఉంది. బూతు ఒక్కటీ లేని వంశవర్ణన ఎందుకు ఎగిరిపోయిందో ఆలోచించవలసిన విషయం.

కందుకూరి వీరేశలింగం (1848–1919) ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ముద్దుపళనికి చోటిచ్చాడు. కవిత్వం మృదువుగా, పాండిత్యంతో ఉందని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే ఆమె కులాన్ని ఎత్తి, ఆడది వినకూడని మాటలు ఆడదాని నోట వచ్చాయని తిట్టాడు. వేశ్యావృత్తి మీద, భోగం మేళాల మీద ఆయన చేసిన పోరాటం తెలిసినవాళ్లకు ఈ కోపం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. సంఘసంస్కర్తగా ఆయన చూపుకు ఒక న్యాయం ఉంది. విమర్శకుడిగా ఆ కొలమానాన్ని మగకవులకు పెట్టకపోవడమే చిక్కు.

ఆ చిక్కును పట్టుకున్నది బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952). నంజనగూడులో పుట్టి, మద్రాసులో స్థిరపడి, పేరు మోసిన గాయని. దేవదాసీ కులంలో పుట్టింది. తంజావూరు సాహిత్యం గురించి చదువుతుండగా ముద్దుపళని పేరు ఆమె కంటబడింది. అచ్చు పుస్తకం సంపాదించి చదివితే కోత కనిపించింది. రాతప్రతి వెతికి తెప్పించి, రెండూ పోల్చి, పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ ద్వారా వెలువరించింది. పీఠికలో తన ఆనందాన్ని దాచుకోలేదు: కావ్యం రసవంతంగా ఉండటమే గాక, దాన్ని రాసింది స్త్రీ, అందులోనూ తన కులంలో పుట్టిన స్త్రీ. వీరేశలింగానికి జవాబూ ఇచ్చింది. సిగ్గు ఆడవాళ్ల సొత్తేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని అడిగింది. మగకవులు రాసిన ‘వైజయంతీ విలాసం’ వంటి కావ్యాలకు లేని అభ్యంతరం దీనికెందుకని నిలదీసింది. తెలుగులో ఒక స్త్రీ ఒక స్త్రీ కావ్యాన్ని పరిష్కరించి, సమర్థించి, విమర్శకుడితో వాదానికి దిగిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ముద్దుపళని కావ్యానికి ఎంత విలువ ఉందో ఈ పీఠికకూ అంత విలువ ఉంది.

గొడవ వెంటనే మొదలైంది. ‘శశిలేఖ’ పత్రిక, కొందరు సంస్కరణవాదులు పుస్తకం మీద విరుచుకుపడ్డారు. ఫిర్యాదు ప్రభుత్వానికి చేరింది. ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు అభ్యంతరకరమనుకున్న భాగాలను ఇంగ్లీషులో పెట్టి ఇచ్చాడు. 1911లో పోలీసులు ప్రతులను పట్టుకున్నారు. వావిళ్లవారు, పలువురు పండితులు విజ్ఞప్తులు పంపారు. ప్రాచీన కావ్యాలను ఈ లెక్కన చూస్తే సంస్కృతాంధ్రాల్లో మిగిలేవి ఎన్ని అని వాళ్లు లేవనెత్తిన ప్రశ్న సమంజసమైనదే. నిషేధం మాత్రం తొలగలేదు. కొలువులో పండితుల మధ్య గర్వంగా చదివిన పద్యాలు దొంగచాటు సరుకయ్యాయి. వలసపాలకుల నీతి, మన మధ్యతరగతి నీతి ఇక్కడ చక్కగా చేతులు కలిపాయి. పాలకుల నీతినే తప్పుపట్టి మన నీతిని వదిలేసే అలవాటు మనకుంది గాని, ఫిర్యాదు చేసింది మనవాళ్లే.

నాగరత్నమ్మ తరవాతి జీవితం తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి అంకితమైంది. తన సొమ్ముతో అక్కడ గుడి కట్టించింది. ఆరాధనోత్సవాల్లో ఆడవాళ్లు పాడకూడదన్న కట్టుబాటును ధిక్కరించింది. 1927లో మద్రాసు శాసనమండలి సభ్యురాలు ముత్తులక్ష్మీరెడ్డి దేవదాసీ వ్యవస్థను రద్దు చేయించే ప్రయత్నం ప్రారంభించినప్పుడు, తమ కులం మాట వినకుండా చట్టం చేయవద్దని అడిగినవాళ్లలో ఆమె ముందుంది. ముత్తులక్ష్మి వైపూ న్యాయం ఉంది, నాగరత్నమ్మ వైపూ న్యాయం ఉంది.

1947లో మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం నిషేధాన్ని ఎత్తివేయించాడు. దేవదాసీ సమర్పణను నిషేధించిన మద్రాసు చట్టం వచ్చింది కూడా ఆ సంవత్సరమే. ముద్దుపళని కావ్యానికి విడుదల దొరికిన ఏడే, ఆమె పుట్టిన వ్యవస్థకు చట్టం తలుపు మూసింది. వావిళ్లవారు 1952లో పుస్తకాన్ని తిరిగి అచ్చు వేశారు. నాగరత్నమ్మ ఆ ఏడాది మే నెలలో కన్నుమూసింది.

నిషేధం పోయినా చదువరులు వెంటనే రాలేదు. తెలుగు సాహిత్య చరిత్రల్లో తంజావూరు యుగం మీద క్షీణయుగం అనే ముద్ర పడి ఉంది, ముద్దుపళని ఆ ముద్ర కిందే ఉండిపోయింది. ఆమెను మళ్లీ పైకి తెచ్చినవాళ్లు హైదరాబాదులో స్త్రీల ఉద్యమంలో పనిచేసినవాళ్లు. సూసీ తారూ, కె. లలిత కలిసి సంపాదకత్వం వహించిన భారతీయ స్త్రీల రచనల ఆంగ్ల సంకలనం మొదటి సంపుటం 1991లో వచ్చింది. దాని పీఠిక ముద్దుపళని, నాగరత్నమ్మల కథతోనే మొదలవుతుంది. తెలుగులో స్త్రీవాద కవిత్వం మీద బూతు ఆరోపణలు జోరుగా సాగుతున్న రోజులు అవి. శరీరం గురించి ఆడవాళ్లు రాయడం పడమటి దిగుమతి అన్నవాళ్లకు 18వ శతాబ్దపు తంజావూరు జవాబుగా దొరికింది. 2011లో సంధ్యా ముల్చందానీ చేసిన ఆంగ్లానువాదాన్ని పెంగ్విన్ వెలువరించింది. నేడు ముద్దుపళని పేరు తెలిసినవాళ్లలో ఎక్కువమందికి నిషేధం గొడవ తెలుసు, పద్యాలు తెలియవు. కావ్యాన్ని తెరిచేవారు మొదట చదవవలసింది జనం గుసగుసలాడుకునే ఘట్టాలు కాదు. ఇళను పడకటింటికి పంపి వెనుదిరిగిన రాధ తనలో తాను మాట్లాడుకునే భాగం చదవాలి, ముద్దుపళని పనితనం అక్కడ బాగా తెలుస్తుంది.