ప్రాథమిక పాఠశాల నమోదు (ఆంధ్రప్రదేశ్ చిన్న పట్టణాలు)

ఒక విద్యా సంవత్సరంలో 1 నుంచి 5వ తరగతి వరకు బడి రిజిస్టరులో పేరున్న పిల్లల సంఖ్యే ప్రాథమిక పాఠశాల నమోదు. ఆంధ్రప్రదేశ్ చిన్న పట్టణాల్లోని ప్రభుత్వ బడులు కొన్ని మండల పరిషత్తువి, కొన్ని మున్సిపాలిటీవి.

ఊరి మనుషుల గురించి తెలుసుకోవాలంటే అడ్మిషన్ రిజిస్టరును మించింది లేదు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, చివరకు పుట్టుమచ్చలు కూడా అందులో ఉంటాయి. కులం గడిలో ఎస్సీ, ఎస్టీ, ఓసీ, బీసీ-ఏ నుంచి బీసీ-ఈ దాకా రాస్తారు. మాతృభాష గడి సరిహద్దుల్లో మారుతుంది: ఆదోని వైపు కన్నడం, నగరి, కుప్పం వైపు తమిళం, ఇచ్ఛాపురం వైపు ఒడియా.

టీచర్ల సంఖ్య ఈ నమోదును బట్టే ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. అరవై ఒకటో బిడ్డ చేరితే మూడో టీచరు అడిగే హక్కు వస్తుంది. ఒక్క కుటుంబం బదిలీ సర్టిఫికెట్ (టీసీ) తీసుకెళ్తే ఆ హక్కు పోతుంది. అందుకే బడులు తెరిచే రోజుల్లో టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు.

కాన్పులు తగ్గడం, ప్రైవేటు బడులు పెరగడం నమోదును తగ్గించాయి. కొడుకును ఫీజు కట్టి ప్రైవేటుకు, కూతురిని ప్రభుత్వ బడికి పంపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇది బాధాకరం. 2020లో మొదలైన అమ్మ ఒడి సాయం రెండు రకాల బడుల పిల్లల తల్లులకూ అందింది కనుక, దాన్ని ప్రభుత్వ బడికే లాభమని లెక్కవేయలేం. ఊరు విడవకుండానే పిల్లలు లెక్కలోంచి జారిపోవడమూ ఉంది: 2022లో 117వ జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపారు. 2025లో ఆ జీవో రద్దయింది.

నమోదు వేరు, హాజరు వేరు. పొద్దున హాజరు పిలిచాక తలకు 100 గ్రాముల చొప్పున మధ్యాహ్న భోజనానికి బియ్యం కొలుస్తారు. నిజానికి దగ్గరైన లెక్క అదే. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం ప్రాంతాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలతో పిల్లలూ వెళ్లిపోతారు. అలా వెళ్లకుండా సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నా అందరూ వాటిలో ఉండిపోరు. కోతలయ్యాక తిరిగొచ్చిన పిల్లల పేర్లు రిజిస్టరులో అలాగే ఉంటాయి, ఎవరూ టీసీ అడగలేదు కాబట్టి. పోయిన పాఠాలు మాత్రం టీచరు మొదటి నుంచి చెప్పుకురావాలి.