రూతమ్మ పేరు వెనక పరిగె చేలు

బందరు, గుడివాడ, దివిసీమ మాల మాదిగ పల్లెల్లో రూతమ్మలు కొత్త కాదు. ఆ పేరు వినగానే 'మిషనరీలు తగిలించిన పరాయి పేరు' అని తేల్చేసే పండితులున్నారు. ఆ మాటతో మాకు పేచీ ఉంది.

ముందు పేరు సంగతి చూద్దాం. రూతు కథ హెబ్రీ గ్రంథంలోదే గాని ఆమె హెబ్రీ స్త్రీ కాదు, మోయాబు పిల్ల. పేరుకు అర్థమేమిటన్న దాంట్లో ఏకాభిప్రాయం లేదు. 'స్నేహం, తోడు' అనే 'రెయూత్' నుంచి వచ్చిందని కొందరంటారు. 'దాహం తీరా తడపడం' అనే 'రావా' ధాతువు నుంచి అని మరికొందరు. యూదుల తాల్ముదు ఈ రెండో దారి పట్టింది.

మోయాబీయులు పదో తరం దాకా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండం ఆంక్ష పెట్టింది. అట్లా వెలిపెట్టిన జాతి విధవరాలు అత్త నయోమి వెంట బేత్లెహేముకొచ్చి, కోతగాళ్ల వెనకాల పరిగె ఏరి ఇద్దరి కడుపూ నింపింది. దావీదు రాజు ఆమె మునిమనవడు. తెలుగు బైబిలులో ఉన్న మాట కూడా 'పరిగే'. కోతలయ్యాక రాలిన వెన్నులు ఏరుకున్న మన ఆడవాళ్లకు దాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా మాగాణి అయింది. ఊడ్పులూ కోతలూ మనవయ్యాయి, ధాన్యం మాత్రం ఆసామి గాదెకే చేరింది.

ఇక మిషనరీలు. 1841లో ఫాక్స్, నోబుల్ దొరలు బందరు వచ్చారు. 1843లో పెట్టిన నోబుల్ బడి తొలినాళ్లలో అంటరానివాళ్లను చేర్చుకోలేదు. పల్లెల్లోకి క్రైస్తవాన్ని తెచ్చింది 1859లో బాప్తిస్మం పొందిన రాఘవాపురం మాల పగోలు వెంకయ్య లాంటివాళ్లు. కాబట్టి ఈ పేర్లలో మనవాళ్ల ఎంపిక కూడా ఉంది. 'ఒసే పోలీ' అని పిలిపించుకున్న ఇంట్లో ఒక మనిషి 'రూతమ్మ' కావడం చిన్న విషయమా? చివర చేరిన 'అమ్మ' తెలుగుదే. ఊళ్లో అది ఆసామి ఇంటి ఆడవాళ్లకే దక్కిన గౌరవం.

ఆ గౌరవానికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇంకా బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో 1970 నుంచి వాళ్లకు మిగిలింది బి.సి.-సి కింద ఒక్క శాతం. అందుకే చర్చిలో రూతు, బడి రిజిస్టరులో మరో పేరు. ఉత్తర్వు అడిగేది మతాన్ని. ఆఫీసులో మాత్రం పేరు చూసే అనుమానం మొదలవుతుంది.

వెలిపెట్టిన చట్టాన్ని తన చాకిరీతో దాటిన మనిషి పేరు రూతు. మన రూతమ్మలు దాన్ని దాచుకోవాల్సిన పని లేదు, మారాల్సింది ఆ ఉత్తర్వు. ఈలోగా విద్యార్థులూ కార్యకర్తలూ ఊరూరా బాప్తిస్మం రిజిస్టర్లు చూడాలి, ముసలమ్మలను అడగాలి. ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో రాసిపెట్టాలి. మన చరిత్రకు అవే శాసనాలు.