పుదుచ్చేరి పాఠశాలల్లో తెలుగు వారసత్వం: వేడుక నుంచి పాఠం వరకు

తమిళం ప్రధాన భాషగా గల పుదుచ్చేరి పట్టణంలో, ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థికి పాఠశాల తనదనే భావన కలగాలంటే ఏటా ఒక భాషా దినోత్సవం జరిపితే సరిపోదు. అతని భాషకు, చరిత్రకు నిత్యబోధనలో చోటు దక్కాలి. అందుకు తగిన సామగ్రి ఆ పట్టణ చరిత్రలోనే ఉంది.

ఒకే ప్రాంతం, రెండు స్థానాలు

ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం 1954 నవంబరు 1న భారత పాలనలోకి వచ్చాయి. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైంది. 1965 నాటి అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాషగా గుర్తిస్తూనే, యానాంలో తెలుగు, మాహేలో మలయాళం వాడుకకు వీలు కల్పించింది. ఫలితంగా యానాంలో అధికార వ్యవహారాలకు చెల్లే తెలుగు, రాజధాని పట్టణంలో అల్పసంఖ్యాకుల భాషగా మిగిలింది. ఉద్యోగరీత్యా యానాం నుంచి రాజధానికి తరలివచ్చే కుటుంబాల పిల్లలకు ఈ తేడా మొదట తరగతి గదిలోనే ఎదురవుతుంది.

రాజ్యాంగ రక్షణలు

తమ భాష, లిపి, సంస్కృతులను కాపాడుకునే హక్కును 29వ అధికరణం పౌరులకు ఇచ్చింది. 1956లో 7వ సవరణ ద్వారా చేర్చిన 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని నిర్దేశించింది. తరగతిలో 10 మంది లేదా పాఠశాలలో 40 మంది విద్యార్థులుంటే మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలని 1949 నాటి విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. అయితే పిల్లలు పలు పాఠశాలల్లో చెదిరి ఉన్నచోట ఈ సంఖ్య కుదరడం కష్టం.

పాఠ్యపుస్తకాల సమస్య

పుదుచ్చేరికి సొంత పరీక్షల బోర్డు లేదు. దశాబ్దాల పాటు పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు పాఠ్యప్రణాళికను, మాహే కేరళ ప్రణాళికను, యానాం ఆంధ్రప్రదేశ్ ప్రణాళికను అనుసరించాయి. 2023-24 నుంచి ప్రభుత్వ పాఠశాలలు దశలవారీగా సీబీఎస్ఈ విధానానికి మారాయి. పుస్తకం ఎక్కడ రూపొందినా, స్థానిక చరిత్రను తరగతికి చేర్చే బాధ్యత ప్రధానంగా ఉపాధ్యాయునిదే.

పట్టణంలోని తెలుగు జాడ

ఫ్రెంచి గవర్నర్ డూప్లే వద్ద దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై (1709-1761) తమిళంలో రాసిన దినచర్య 18వ శతాబ్ది దక్షిణ భారత చరిత్రకు ముఖ్య ఆధారం. తెలుగు కవులకూ ఆయన ఆశ్రయమిచ్చారు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ను ఆయనకే అంకితం చేశారు. పిళ్ళై భవనం నేటికీ పట్టణంలో ఉంది. తమిళ, తెలుగు విద్యార్థులు కలిసి అధ్యయనం చేయదగిన ఉమ్మడి వారసత్వమిది.

ఇతర అనుభవాలు

అమెరికాలో లాటిన్ అమెరికా మూలాల ప్రజల వారసత్వ వేడుక 1968లో వారోత్సవంగా మొదలై, 1988లో నెల రోజులకు విస్తరించింది. కాగా ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో లూయిస్ మాల్, ఆయన సహచరులు మరో మార్గం అనుసరించారు. ఉపాధ్యాయులు మెక్సికన్ మూలాల కుటుంబాల ఇళ్ళకు వెళ్లి, వారికి తెలిసిన సేద్యం, నిర్మాణం, వ్యాపారం వంటి విషయాలను పాఠాలకు ఆధారం చేసుకున్నారు. ఈ కృషి వివరాలు 1992లో వెలువడ్డాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందే గిడుగు వెంకట రామమూర్తి సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రచించారు. ఆయన జయంతి ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆచరణ

కనీసం 5వ తరగతి వరకు, వీలైతే 8వ తరగతి వరకు ఇంటిభాషలో బోధన సాగాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. ప్రత్యేక ఉపాధ్యాయుడు లేని చోట కూడా చేయదగిన పనులున్నాయి. విద్యార్థి పేరును సరిగా పలకడం, గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలుంచడం, పెద్దల నుంచి యానాం జ్ఞాపకాలు సేకరించి చరిత్ర పాఠంలో చర్చించడం అటువంటివి. వీటికి పెద్దగా వ్యయం అవసరం లేదు. ఏడాది పొడవునా కొనసాగించడమే ముఖ్యం.